ఎర్ర తేలా? మండ్రగబ్బా?
కుట్టిన జాతిని బట్టే విషం... విషాన్ని బట్టే వైద్యం

ఉదయగిరి, ఆత్మకూరు: ఎండలు ముదిరిన రాత్రులలో, తొలకరి చినుకులు పడిన సాయంత్రాలలో మెట్ట ప్రాంతంలో తేళ్లు బయటకు వస్తాయి. ఉదయగిరి, సీతారామపురం, వరికుంటపాడు, దుత్తలూరు, మర్రిపాడు, ఆత్మకూరు, అనంతసాగరం మండలాల పల్లెలకు ఇది కొత్త విషయం కాదు. కొత్త కాకపోవడమే ఇక్కడ చిక్కు తెచ్చిపెడుతోంది. పాము కరిచిందంటే ఊరంతా పరుగెత్తుతుంది. తేలు కుట్టిందంటే 'తేలే కదా, తెల్లవారేసరికి దిగిపోతుంది' అని పెద్దలు సర్దిచెబుతారు. చాలా సందర్భాలలో ఆ మాట నిజమే అవుతుంది. నిజం కాని కొద్ది సందర్భాలలో, అందులోనూ కుట్టించుకున్నది పసిబిడ్డ అయినప్పుడు, తెల్లవారేలోగా ప్రాణం పోయే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ నడుమ ఉన్న తేడా అదృష్టానికి సంబంధించినది కాదు. కుట్టిన తేలు ఏ జాతిదన్న దానిలోనే అది చాలావరకు ఉంది.

జిల్లా పడమటి సరిహద్దులో వెలిగొండలు బారులు తీరి ఉన్నాయి. వాటి పాదాల వద్ద ఉన్న పల్లెలలో నేలంతా గులకరాయి, గరుసు. రాతికట్టు గోడలు, సందులు విడిన పాత మిద్దెలు, పూరిపాకలు, దొడ్లలో పేర్చిన కట్టెల మోపులు, గడ్డివాములు, పొగాకు బ్యారన్ల వద్ద వంటచెరకు దొంతరలు తేళ్లకు అనువైన నివాసాలు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే కుటుంబాలు కొండ నుంచి తెచ్చిన కర్రను ఇంటి వసారాలోనే నిల్వ చేసుకుంటాయి. పగలంతా రాతి కింద, బెరడు చాటున దాగి ఉండే తేలు చీకటి పడిన తరువాత పురుగుల వేటకు బయలుదేరుతుంది. ఆ వేళకు మనుషులు ఉక్కపోత భరించలేక ఆరుబయట నేలపైనే చాప వేసుకుని నిద్రకు ఉపక్రమిస్తారు. ఈ రెండూ ఒకే చోట కలవడమే చాలా తేలుకాట్లకు మూలం.

రెండు తేళ్లు, రెండు స్వభావాలు

మన దేశంలో వందకు పైగా తేళ్ల జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. మెట్ట పల్లెలలో మనిషికి తారసపడేవి ప్రధానంగా రెండు రకాలు. మొదటిది నల్లగా, నిగనిగలాడుతూ, అరచేయంత పొడవు పెరిగే పెద్ద తేలు. దీనినే మండ్రగబ్బ అంటారు. దాని ముందరి డెక్కలు ఎండ్రకాయ డెక్కల వలె బలిసి ఉంటాయి, తోక మాత్రం సన్నన. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. రెండవది ఎర్ర తేలు. వేలెడు పొడవు, ఇటుక ఎరుపు నుంచి పసుపు కలిసిన గోధుమ రంగు వరకు ఉండే శరీరం, సన్నని డెక్కలు, శరీరానికి మించి బలిసిన తోక దీని గుర్తులు. గోడ పగులులోనో, చెప్పు లోపలో సునాయాసంగా ఇమిడిపోతుంది.

భయపెట్టే రూపం మండ్రగబ్బది. ప్రాణం తీయగలిగిన విషం ఎర్ర తేలుది. డెక్కలతో ఎరను నలిపి చంపగలిగిన తేలుకు తీవ్రమైన విషంతో అంతగా పని లేదు. డెక్కలలో బలం లేని తేలు కొండిలోని విషంపైనే ఆధారపడి బతకాలి. అందువల్ల డెక్కలు సన్నగా, తోక లావుగా ఉన్న తేలును ఎక్కువ ప్రమాదకరమైనదిగా పరిగణించాలన్నది ప్రపంచమంతటా నిపుణులు చెప్పే స్థూలమైన గుర్తు. దీనికి మినహాయింపులు లేకపోలేదు గాని, మన పల్లెలలో కనిపించే ఈ రెండు తేళ్ల విషయంలో అది సరిగ్గా సరిపోతుంది.

మండ్రగబ్బ కుట్టిన చోట మంట, వాపు, సలుపు ఉంటాయి. కొన్ని గంటలలో, మహా అయితే ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి. నొప్పి మాత్ర, చల్లని కాపడం చాలావరకు సరిపోతాయి. ఎర్ర తేలు కుట్టినప్పుడు కూడా చాలామంది పెద్దవారిలో బాధ నొప్పితోనే ముగుస్తుంది. ప్రతి కుట్టులోనూ తేలు పూర్తి మోతాదు విషాన్ని దింపదు. అయితే దింపినప్పుడు ఆ విషం కుట్టిన చోట ఆగదు, నేరుగా గుండె మీదకు వెళుతుంది. శరీరం చిన్నదైన కొద్దీ అదే మోతాదు ఎక్కువ హాని చేస్తుంది. పిల్లల విషయంలో అంత ఆందోళన చెందవలసి రావడానికి కారణం అదే.

విషం లోపల చేసే పని

నరాలలో సంకేతాలు ప్రయాణించడానికి కణాల గోడలలో సూక్ష్మమైన ద్వారాలు ఉంటాయి. అవి తెరుచుకుని, వెంటనే మూసుకుంటూ ఉంటాయి. ఎర్ర తేలు విషంలోని చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు సోడియం ద్వారాలను మూసుకోకుండా పట్టి ఉంచుతాయి. ఇదే విషంలోని మరికొన్ని పదార్థాలు పొటాషియం ద్వారాలను అడ్డగిస్తాయి. వాటిలో ఐబీరియోటాక్సిన్ అనే దానిని నేటికీ ప్రపంచవ్యాప్తంగా ప్రయోగశాలలలో పరిశోధన సాధనంగా వాడుతున్నారు. మన గోడ పగుళ్లలో తిరిగే తేలు నుంచే అది తొలుత వేరు చేయబడింది.

ద్వారాలు మూసుకోకపోవడంతో నరాలు అదుపు తప్పి సంకేతాలు పంపుతూనే ఉంటాయి. భయపడినప్పుడు, పరుగెత్తినప్పుడు శరీరంలో విడుదలయ్యే అడ్రినలిన్ వంటి రసాయనాలు ఒక్కసారిగా వరదలా వెలువడతాయి. మొదట వాంతులు, ఒళ్లంతా చెమటలు, నోట లాలాజలం ఊరడం కనిపిస్తాయి. మగపిల్లలలో అంగస్తంభన కూడా ఒక ముఖ్యమైన గుర్తు. చెప్పడానికి సంకోచించి ఇంట్లో వారు దీనిని వైద్యుడి ముందు దాచకూడదు. తరువాత రక్తనాళాలు బిగుసుకుపోయి కాళ్లు, చేతులు మంచు వలె చల్లబడతాయి. రక్తపోటు పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురు పంపు చేయలేక గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తులలోకి నీరు చేరి ఆయాసం, దగ్గు మొదలవుతాయి. నోటి నుంచి గులాబి రంగు నురుగు వచ్చిందంటే పరిస్థితి విషమించినట్లే. ఇదంతా జరగడానికి రోజులు అక్కరలేదు, కొద్ది గంటలు చాలు.

ఇందులో మోసపుచ్చే అంశం ఒకటి ఉంది. నొప్పితో గిలగిలలాడుతూ కేకలు పెట్టే మనిషి తరచుగా ప్రమాదంలో ఉండడు. కుట్టిన చోట పెద్దగా వాపు, ఎరుపు లేకుండా, వాంతి చేసుకుని, చెమటలు పట్టి, చేతులు చల్లబడి స్తబ్దుగా పడుకున్న బిడ్డే ప్రమాదంలో ఉంటుంది. ఏడుపు ఆగింది, విషం దిగిపోయిందని తల్లిదండ్రులు ఊరట చెందే సమయంలోనే గుండె దెబ్బతింటూ ఉండవచ్చు. తేలు కుట్టిన దొంగ నోరు విప్పలేడని సామెత. ఎక్కడ కుట్టిందో, ఏది కుట్టిందో చెప్పలేని రెండేళ్ల బిడ్డ పరిస్థితి అంతకన్నా కష్టం.

కొంకణం చూపిన దారి

ఈ విషానికి విరుగుడు వెదికినది పెద్ద నగరంలోని పరిశోధనశాల కాదు, మహారాష్ట్రలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. రాయగఢ్ జిల్లా బిర్వాడీ ఆరోగ్య కేంద్రంలో 1976లో వైద్యాధికారిగా చేరిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఎర్ర తేలు కుట్టిన వారు తన కళ్ల ముందే మరణిస్తుండటాన్ని గమనించారు. అప్పటికి ఈ మరణాలకు కచ్చితమైన చికిత్స అంటూ లేదు. రోగుల పక్కనే రాత్రింబవళ్లు కూర్చుని రక్తపోటు, నాడి, శ్వాస ఏ గంటకు ఎలా మారుతున్నాయో ఆయన నమోదు చేశారు. ప్రాణాపాయాన్ని ముందుగా సూచించే గుర్తులపై ఆయన రాసిన వ్యాసం 1982లో లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

రక్తనాళాలు బిగుసుకోవడమే అనర్థానికి మూలమైతే, వాటిని సడలించే మందు పనిచేయాలి కదా అన్నది ఆయన ఆలోచన. రక్తపోటు రోగులకు అప్పటికే వాడుకలో ఉన్న ప్రాజోసిన్ అనే మాత్ర ఆ పని చేసింది. దానిపై వివరాలు 1986లో లాన్సెట్‌లోనే వచ్చాయి. ప్రాజోసిన్‌కు ముందు తీవ్రమైన ఎర్ర తేలు కాట్లలో మరణాలు నూటికి 25 నుంచి 30 వరకు ఉండగా, ఆ తరువాత ఒక శాతానికి లోపునకు తగ్గాయని బావస్కర్ తన వ్యాసాలలో పేర్కొన్నారు. మందు కొత్తది కాదు, ఖరీదైనది కాదు, సూదితో ఇవ్వవలసినది కూడా కాదు. వాంతి కాకుండా మింగించగలిగితే చాలు. భారత ప్రభుత్వం 2022లో ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

తరువాత ఎర్ర తేలు విషానికి ప్రత్యేకించిన విరుగుడు మందు కూడా అందుబాటులోకి వచ్చింది. మహాడ్‌లో 70 మంది రోగులపై జరిపిన పరిశీలన ఫలితాలను బావస్కర్ దంపతులు 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. ప్రాజోసిన్‌తో పాటు విరుగుడు మందు ఇచ్చిన 35 మందిలో 32 మంది పది గంటలలోగా కోలుకున్నారు. ప్రాజోసిన్ మాత్రమే ఇచ్చిన 35 మందిలో ఆ వ్యవధిలో కోలుకున్నవారు 8 మంది. మిగిలినవారు కూడా కోలుకున్నారు, అయితే ఎక్కువ సమయం పట్టింది. నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దూరాన ఉన్న ఉదయగిరి వంటి చోట ఈ లెక్కను మరో విధంగా చదువుకోవాలి. ప్రత్యేక విరుగుడు దొరకని చోట కూడా ప్రాజోసిన్ మాత్ర ఒక్కటే రోగిని ఒడ్డుకు చేర్చగలదు. అందుకు రోగి వేళకు చేరుకోవాలి, అంతే.

మంత్రం ఎందుకు 'పనిచేస్తుంది'?

తేలు మంత్రం వేసేవారు లేని ఊరు మెట్టలో వెదకవలసిందే. వేపమండతో దించేవారు, చెవిలో ఉప్పునీరు పోసేవారు, ఏదో వేరును అరగదీసి కుట్టిన చోట రాసేవారు ఉన్నారు. వీరిలో చాలామంది డబ్బు తీసుకోరు. అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోరు. వారి సద్బుద్ధిని శంకించవలసిన పని లేదు. మంత్రంతో తగ్గిందని చెప్పేవారు అబద్ధం చెబుతున్నారనుకోవడం కూడా సరికాదు. వారికి నిజంగానే తగ్గింది.

తగ్గడానికి కారణం వేరు. కుట్టినది మండ్రగబ్బ అయినా, ఎర్ర తేలే అయి విషం కొద్దిగా దిగినా, నొప్పి తనంతట తాను కొన్ని గంటలలో శాంతిస్తుంది. మంత్రం వేసినా అంతే, వేయకపోయినా అంతే. పదిమందిలో తొమ్మిది మందికి తగ్గినప్పుడు ఆ పేరు మంత్రానికి వస్తుంది. పదవ వ్యక్తికి తగ్గనప్పుడు 'ఆయుష్షు తీరింది' అనుకుంటారు. మంత్రం హాని చేయకపోయినా, మంత్రం వేయించుకుంటూ గడిపిన మూడు నాలుగు గంటలు హాని చేస్తాయి. ప్రాజోసిన్ పనిచేయవలసిన సమయం సరిగ్గా అదే. మంత్రం వేసే పెద్దలే 'వాంతి అయిందా? చెమట పట్టిందా? చేతులు చల్లబడ్డాయా?' అని అడిగి, అవునంటే రోగిని ఆసుపత్రికి పంపించే అలవాటు చేసుకుంటే ఊరికి అంతకు మించిన మేలు లేదు. పల్లెలో వారి మాటకు ఉన్న విలువ మరెవరి మాటకూ లేదు.

తూర్పున టేకు చేప

ఇదే జిల్లా తూర్పు అంచున కథ వేరు. కృష్ణపట్నం, మైపాడు, జువ్వలదిన్నె తీరాలలో వల లాగే మత్స్యకారులకు తేలు కన్నా టేకు చేప భయం ఎక్కువ. చేట వలె పరచుకుని ఇసుకలో కప్పుకుని ఉండే ఈ చేప తోకపై రంపపు పళ్లున్న ముల్లు ఉంటుంది. లోతు తక్కువ నీటిలో కాలు దాని మీద పడితే తోకను కొరడా వలె విసిరి పొడుస్తుంది. వలలో చిక్కిన దానిని విడదీసే సమయంలో చేతులకు గాయాలవుతాయి. ముల్లును కప్పి ఉన్న పలుచని పొర చిరిగి, దాని కింది కణాలలోని విషం గాయంలోకి చేరుతుంది. నొప్పి గంట, గంటన్నరకు తారస్థాయికి చేరి ఆ తరువాత కూడా చాలాసేపు వేధిస్తుంది.

టేకు చేప గాయానికి ప్రపంచమంతటా అనుసరిస్తున్న తొలి చికిత్స వేడినీరు. గాయమైన కాలిని లేదా చేతిని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలకు మించని వేడిలో, అరగంట నుంచి గంటన్నర వరకు ఉంచాలి. నొప్పితో ఉన్నవారికి వేడి సరిగా తెలియదు గనుక గాయం లేని చేతితో ముందుగా నీటిని పరీక్షించాలి. లేకుంటే విషానికి బొబ్బలు తోడవుతాయి. నొప్పి తగ్గినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. ముల్లు విరిగి ముక్కలు లోపల మిగిలిపోవచ్చు. సముద్రపు నీటిలోని సూక్ష్మక్రిములు గాయాన్ని చీము పట్టించవచ్చు. ఎక్స్‌రే తీయించుకుని, గాయం శుభ్రం చేయించుకుని, ధనుర్వాతం సూది వేయించుకోవడం తప్పనిసరి. మెడలోనో, ఛాతీలోనో, పొట్టలోనో ముల్లు దిగితే దానిని లాగకుండా అలాగే ఆసుపత్రికి తరలించాలి. ఆస్ట్రేలియాకు చెందిన టీవీ వ్యాఖ్యాత, జంతు ప్రేమికుడు స్టీవ్ ఇర్విన్ 2006 సెప్టెంబరు 4న టేకు చేప ముల్లు గుండెలో దిగి మరణించారు. ఆయన ప్రాణం తీసినది ప్రధానంగా గాయమే.

టేకు చేపలలో కూడా విషం ఒకే తీరుగా ఉండదు. దక్షిణ అమెరికా నదులలో మంచినీటి టేకు చేపలు ఉన్నాయి. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు వాటిని సముద్రపు చేపలతో పోల్చి చూశారు. సముద్రపు రకాలలో విషకణాలు ముల్లు పక్కనున్న గాడులలోనే ఉండగా, నదీ రకాలలో అవి ముల్లంతా పరచుకుని ఉన్నాయి. అందువల్ల మంచినీటి చేప పొడిచినప్పుడు చర్మం, కండ కుళ్లిపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. తేళ్లలో ఈ తేడా మరింత దగ్గరకు వస్తుంది. ఒకే ఎర్ర తేలు జాతిలో సైతం కొంకణ ప్రాంతపు తేళ్లకూ, దక్కను పీఠభూమి తేళ్లకూ విష తీవ్రతలో వ్యత్యాసం ఉన్నదని పరిశోధకులు గుర్తించారు.

వేడినీరు అన్నింటికీ కాదు

తీరంలో పనిచేసే చిట్కా మెట్టలో ఎందుకు పనిచేయదన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. టేకు చేప విషంలోని ప్రోటీన్లు పెద్దవి. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టి స్వభావం మార్చుకున్నట్లే అవి కూడా వేడికి చెడిపోతాయి. వేడి నొప్పిని మోసుకెళ్లే నరాలను కూడా కొంత శాంతింపజేస్తుంది. తేలు విషంలోని ప్రోటీన్లు అతి చిన్నవి. వాటిలో గంధకపు బంధాలు గట్టిగా ముడివేసుకుని ఉంటాయి. చర్మం ఓర్చుకోగలిగిన వేడి వాటిని ఏమీ చేయలేదు. పైగా ఆ విషం అప్పటికే రక్తంలో కలిసి గుండె వైపు వెళ్లిపోయి ఉంటుంది. కాలిని వేడినీటిలో పెట్టి కూర్చుంటే మిగిలేది కాలయాపనే. తేలు కుట్టిన చోట చల్లని గుడ్డ లేదా మంచుముక్కల కాపడం నొప్పిని తగ్గిస్తుంది. టేకు చేప గాయానికి అదే మంచు పెద్దగా ఉపకరించదు.

మెట్ట ప్రాంతంలో వేడినీరు అక్కరకు వచ్చే సందర్భం కూడా ఒకటి ఉంది. 78 టీఎంసీల సోమశిల జలాశయంలోనూ, పెన్నా మడుగులలోనూ, చెరువులలోనూ చేపలు పట్టేవారికి జెల్ల, ఇంగిలాయి వంటి మీసాల చేపల ముళ్లు గుచ్చుకోవడం పరిపాటి. వాటి రెక్క ముళ్లకూ విషం ఉంది. వేడికి అది కూడా చాలావరకు లొంగుతుంది. ఆత్మకూరు, అనంతసాగరం ప్రాంత మత్స్యకారులకు తీరప్రాంతపు వైద్యం ఈ మేరకు పనికివస్తుంది. అదే మత్స్యకారుడిని ఒడ్డున వల ఆరబెట్టుకునే వేళ రాతి కింది తేలు కుడితే చేయవలసినది పూర్తిగా వేరు.

ఇక పాముల సంగతి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కాట్లకు ఆసుపత్రులలో ఇచ్చే విరుగుడు సూది ఆ నాలుగు పాముల విషం కోసమే తయారైనది. తేలుకాటుకు అది ఏమాత్రం పనిచేయదు. అనవసరంగా ఇస్తే వికటించే ప్రమాదం కూడా ఉంది. కొందరు రోగుల బంధువులు 'పాము సూది వేయండి' అని వైద్యుని ఒత్తిడి చేయడం తగదు. చీకటిలో ఏదో కుట్టిందనీ, పామో తేలో తెలియదనీ అనుమానం ఉంటే ఆ మాటనే వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. కట్లపాము కోరల గుర్తులు చాలాసార్లు కంటికి కనిపించవు. కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టమవడం పాము వైపు చూపిస్తాయి. చెమటలు, వాంతులు, చల్లని చేతులు కలిసి కనిపిస్తే ఎర్ర తేలు వైపు చూపిస్తాయి.

కుట్టిన వెంటనే

కుట్టిన చోటును సబ్బునీటితో కడిగి, చల్లని కాపడం పెట్టి, రోగిని నడిపించకుండా పడుకోబెట్టాలి. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, నిప్పుతో కాల్చడం అన్నీ నష్టదాయకమే. పెద్దవారికి నొప్పి మాత్రమే ఉండి, మరే లక్షణమూ లేకుంటే నొప్పి మాత్రతో కొన్ని గంటలు కనిపెట్టి ఉండవచ్చు. వాంతి, చెమట, చేతులు చల్లబడటం, గుండె దడ, ఆయాసం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా క్షణం ఆలస్యం చేయకూడదు. పిల్లల విషయంలో లక్షణాల కోసం ఎదురుచూడవలసిన పని కూడా లేదు. తేలు కుట్టిందని తెలిసిన వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ ఒక రోజంతా పరిశీలనలో ఉంచడం శ్రేయస్కరం. 2005లో మొదలైన 108 వాహనం కొండ కింది పల్లెకు రావడానికి సమయం పట్టేటట్లుంటే, ఊరిలోని ఆటోనో, మోటారు సైకిలో తీసుకుని ఎదురు వెళ్లడం మేలు.

తేలును వెదుకుతూ కూర్చోవడం వృథా. కనిపిస్తే సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి వైద్యునికి చూపించవచ్చు. చంపి ఉంటే డబ్బాలో వేసి తీసుకెళ్లవచ్చు. చచ్చినట్లు కనిపించే తేలు కూడా కుట్టగలదు గనుక చేతితో తాకరాదు. టార్చి వెలుగులో ఎరుపు, నలుపు పోల్చుకోవడం కష్టం. మండ్రగబ్బ పిల్లలు లేత రంగులో ఉంటాయి. తేలు కనిపించకపోతే అది ఎర్ర తేలేనని భావించి నడుచుకోవడం క్షేమకరం.

ఆసుపత్రిలో రక్తపోటు, నాడి, ఊపిరితిత్తుల శబ్దం పరిశీలించి, విషం ఒళ్లంతా పాకిన లక్షణాలు ఉంటే ప్రాజోసిన్ మొదలుపెడతారు. పిల్లలలో మోతాదు బరువును బట్టి కిలోకు 30 మైక్రోగ్రాములు. కాళ్లు, చేతులు మళ్లీ వెచ్చబడేవరకు గంటల వ్యవధిలో మళ్లీ మళ్లీ ఇస్తారు. ఈ మాత్రను ఇంట్లో ఉంచుకుని సొంతంగా వాడదామనుకోవడం ప్రమాదకరం. తొలి మోతాదుకే రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చు. అందుకే మందు వేసిన బిడ్డను ఎత్తుకుని తిప్పడం, లేపి కూర్చోబెట్టడం చేయరాదు. వాంతుల వల్ల పోయిన నీటిని తిరిగి అందించడం కూడా చికిత్సలో భాగమే. నొప్పి భరించరానిదైతే కుట్టిన చోట మత్తు సూది వేస్తారు. ఒకప్పుడు తేలుకాటుకు అలవాటుగా ఇచ్చిన స్టిరాయిడ్ సూదుల వల్ల ప్రయోజనం లేదని తేలింది. అట్రోపిన్ అయితే గుండెపై భారాన్ని మరింత పెంచుతుంది. ఊపిరితిత్తులలోకి నీరు చేరిన రోగికి ఆక్సిజన్, గుండెకు బలాన్నిచ్చే డోబుటమిన్ వంటి మందులు, అనుక్షణ పర్యవేక్షణ అవసరం. అటువంటి వారిని నెల్లూరు పెద్దాసుపత్రికి తరలించవలసి రావచ్చు. తొలి మోతాదు ప్రాజోసిన్ పడిన తరువాత చేసే ప్రయాణానికీ, పడకుండా చేసే ప్రయాణానికీ ఎంతో తేడా ఉంది. నేరుగా నెల్లూరుకు బయలుదేరే ముందు దారిలోని ప్రభుత్వ ఆసుపత్రి వద్ద ఆగడం వల్ల సమయం వృథా అవుతుందనుకోవడం పొరపాటు.

ఇంటి చుట్టూ

కట్టెలను గోడకు ఆనించి పేర్చకుండా కొంత ఎడంగా, నేలకు ఎత్తుగా పేర్చుకోవాలి. గోడల పగుళ్లను సున్నంతోనో, సిమెంటుతోనో పూడ్చాలి. పొద్దున్నే కట్టె తీసేటప్పుడు, గడ్డి దూసేటప్పుడు, రాయి ఎత్తేటప్పుడు ముందుగా కర్రతో కదిలించడం మంచిది. చెప్పులు, బూట్లు, దండెంపై ఆరేసిన బట్టలు, మడిచిన దుప్పట్లు విదిలించి వాడాలి. నేలపై పడుకునే బదులు మంచం వాడితే, ఆ మంచం గోడకు తగలకుండా ఉంటే కాట్లు చాలావరకు తగ్గుతాయి. దోమతెర అంచులు పరుపు కిందకు మడిచి పెడితే తేలు, కట్లపాము రెండింటి నుంచీ రక్షణ లభిస్తుంది. ఇంటి చుట్టూ తిరిగే కోళ్లు చిన్న తేళ్లను పొడుచుకు తింటాయి.

తేళ్లకు ఒక విచిత్ర లక్షణం ఉంది. అతినీలలోహిత కాంతి పడితే వాటి శరీరం ఆకుపచ్చ, నీలం కలిసిన వెలుగుతో మెరుస్తుంది. దొంగనోట్లు గుర్తించడానికి దుకాణాలలో వాడే ఊదారంగు టార్చి లైటు ఇందుకు సరిపోతుంది. దీపాలు ఆర్పి, కాళ్లకు బూట్లు వేసుకుని, ఆ టార్చితో పెరడు, కట్టెల మోపు, గోడ అడుగు ఒకసారి చూస్తే రాతి రంగులో కలిసిపోయిన తేలు సైతం రెండు మూడు గజాల దూరం నుంచే కనిపిస్తుంది. మండ్రగబ్బ, ఎర్ర తేలు రెండూ ఒకే తీరుగా మెరుస్తాయి. కనుక రంగును బట్టి జాతిని నిర్ణయించుకోకుండా డెక్కలను, తోకను చూడాలి.